లహ్తిలో ఒక శనివారం: ఆ ఘనత మనుషులది కాదు, మున్సిపాలిటీది

మా మేనల్లుడు ఫిన్లాండ్‌లోని లహ్తి పట్టణంలో ఎంఎస్ చదువుతున్నాడు. సెప్టెంబర్‌లో ఒక శనివారం వాడికి క్లాసుల్లేవు, పార్ట్‌టైం డ్యూటీ కూడా లేదు. ఆ రోజంతా ఎలా గడిచిందో రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున నెల రోజుల ఖాళీ సీసాలు, డబ్బాలు సంచీలో వేసుకుని సూపర్‌మార్కెట్‌కి వెళ్లి మెషీన్‌లో వేస్తే 3 యూరోల 40 సెంట్ల చీటీ వచ్చిందట. దాంతోనే పాలు, బ్రెడ్డు కొన్నాడు. ‘కిర్పుతోరి’ అని పిలిచే పాత సామాన్ల దుకాణంలో 12 యూరోలకు చలికోటు దొరికింది. సైకిల్ మీద సరస్సు దాకా వెళ్లి, దారిలో అడవిలో ఓ డబ్బా నిండా ఎర్రటి లింగన్‌బెర్రీలు కోసుకొచ్చాడు. సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఉమ్మడిగా ఉన్న లాండ్రీ గదిలో బట్టలు ఉతుక్కున్నాడు.

అంతా చెప్పి చివర్లో, “వీళ్లకు ప్రకృతి అంటే ఎంత శ్రద్ధో మామయ్యా! మనవాళ్లకు ఆ క్రమశిక్షణ ఎప్పటికి వస్తుందో” అన్నాడు.

విదేశాల నుంచి వచ్చిన ప్రతి మనిషీ అనే మాటే ఇది. నలభై ఏళ్లుగా వింటున్నాను. ఇది తప్పు మాట, హాని చేసే మాట కూడా. వాడు ఆ రోజు చూసింది మనుషుల గుణం అనుకున్నాడు. నిజానికి చూసింది ఒక ఏర్పాటు.

ముందు ఆ సీసాల సంగతే చూద్దాం. ఫిన్లాండ్‌లో కూల్‌డ్రింక్ డబ్బా మీద 15 సెంట్లు, అరలీటరు ప్లాస్టిక్ సీసా మీద 20, లీటరు దాటిన పెద్ద సీసా మీద 40 సెంట్లు డిపాజిట్ కొనేటప్పుడే కట్టించుకుంటారు. ఖాళీది తిరిగిచ్చాక ఆ డబ్బు మనకొస్తుంది. పదింట తొమ్మిది వెనక్కి వస్తున్నాయి. అయితే కంపెనీలు ఇంత పెద్ద ఏర్పాటు ఎందుకు నడుపుతున్నాయి? సీసాలు వెనక్కి తీసుకునే వ్యవస్థలో చేరని కంపెనీ తను అమ్మే ప్రతి లీటరు ప్యాకింగ్ మీద 51 సెంట్ల పన్ను కట్టాలి. చేరితే ఆ పన్ను లేదు. అంతే. ఒక్క పన్ను నిబంధనతో కంపెనీల లెక్క మారింది, దుకాణాల్లోకి మెషీన్లు వచ్చాయి, జనానికి అలవాటైపోయింది. రోడ్డు మీద ఎవరో పారేసిన డబ్బాను కూడా ఇంకెవరో ఏరుకుని తీసుకెళతారు, ఎందుకంటే అది 15 సెంట్లు.

మనవాళ్లకు ఈ గుణం లేదంటారా? గాజు సీసాల కాలంలో ఖాళీ సీసా ఇస్తేనే దుకాణంలో నిండు సీసా ఇచ్చేవారు. ఇంట్లో ఫంక్షన్ అయితే కూల్‌డ్రింక్ కేసుల మీద డిపాజిట్ కట్టి, మర్నాడు సీసాలు లెక్కపెట్టి మరీ అప్పజెప్పేవాళ్లం. పాతబట్టలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకోని ఇల్లు ఉందా? మన గుణం మారిపోలేదు. కంపెనీలు సీసా బాధ్యతను వదిలించుకుని మన నెత్తిన పడేశాయి, అడిగేవాళ్లు లేకపోయారు.

వాడు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిన వెసియార్వి సరస్సు కథ ఇంకా గట్టిది. లహ్తి మొదటినుంచీ పచ్చటి ఊరేం కాదు. ఫర్నిచర్ ఫ్యాక్టరీల ఊరు, ఒకప్పుడు ‘ఫిన్లాండ్ షికాగో’ అని పేరుపడ్డ ఊరు. ఊరి మురుగంతా ఆ సరస్సులోకే వెళ్లేది. 1976లో మురుగును పక్కకు మళ్లించారు. అయినా అడుగున పేరుకున్న పోషకాల వల్ల 1980ల్లో నీళ్లు ఆకుపచ్చ నాచుతో నిండిపోయేవి. 1987లో సరస్సు పునరుద్ధరణ మొదలుపెట్టారు. నాచును తినే సూక్ష్మజీవులను చిన్న చేపలు తినేస్తున్నాయని తేల్చుకుని, 1989 నుంచి 1993 మధ్య వెయ్యి టన్నులకు పైగా చిన్న చేపలను వలలతో తీసేశారు. ఆ చిన్న చేపలను వేటాడి తినే పెద్ద చేపల పిల్లలను సరస్సులోకి వదిలారు. నీళ్లు తేరుకున్నాయి. ఆ తర్వాత కూడా పని ఆపలేదు, ఇప్పటికీ చేపలు తీస్తూనే ఉన్నారు. తరాలు మారినా నగర కౌన్సిల్ ఆ సరస్సును వదల్లేదు.

ఇక అన్నిటికంటే పెద్ద సంగతి మావాడి కంట పడనే లేదు. వాడి గదిని వెచ్చగా ఉంచే వేడినీళ్లు ఊరంతటికీ కలిపి వేసిన పైపుల్లో వస్తాయి. దాని ఖర్చు అద్దెలోనే కలిసి ఉంటుంది కాబట్టి వాడికి తెలియదు. ఆ నీళ్లను వేడిచేసే క్యుమియార్వి ప్లాంటు దశాబ్దాల పాటు బొగ్గు మీద నడిచింది. 2019 వసంతంలో బొగ్గు ఆపేశారు. దాని స్థానంలో కలప వ్యర్థాలతో నడిచే కొత్త ప్లాంటు కట్టారు. 2021లో లహ్తికి యూరప్ హరిత రాజధాని బిరుదు వచ్చేనాటికి 1990తో పోలిస్తే ఉద్గారాలు 70 శాతం మేర తగ్గాయని నగరం లెక్క చూపింది. ఆ ఊళ్లోనే మరో ప్రయోగం కూడా జరిగింది. ఎవరు కారులో తిరిగారు, ఎవరు బస్సెక్కారు అని ఫోన్ యాప్‌లో కొలిచి, తక్కువ కర్బనం వదిలినవాళ్లకు చిన్న బహుమతులిచ్చారు. ఆలోచన మంచిదే, కోవిడ్ వచ్చి ప్రయాణాలే తారుమారయ్యాయి. కానీ యాప్ బాగా నడిచి ఉన్నా బొగ్గు బాయిలర్‌ను ఆర్పిన ఒక్క నిర్ణయంతో అది తూగుతుందా?

కొందరు ఒప్పుకోరు. 55 లక్షల జనాభా ఉన్న ధనిక దేశంతో మనకు పోలికేమిటంటారు. సగటు ఫిన్లాండ్ మనిషి వదిలే కర్బనం సగటు భారతీయుడి కంటే చాలా ఎక్కువ, నిజమే. కలప కాల్చడం పచ్చదనమే కాదని అక్కడి శాస్త్రవేత్తలే వాదిస్తున్నారు. ఎక్కువగా నరకడం వల్ల అక్కడి అడవులు కర్బనాన్ని పీల్చుకునే శక్తి బాగా పడిపోయింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. నేను ఆ దేశాన్ని గుడిలో పెట్టమనడం లేదు. ఈ విమర్శ కూడా నా మాటనే బలపరుస్తోంది. అక్కడ జరిగిన మంచైనా చెడైనా ఇళ్లలోని అలవాట్ల వల్ల కాదు, నిర్ణయాల వల్ల జరిగింది.

ఆ నిర్ణయాలు ఎవరివి? అసలు మాట్లాడుకోవాల్సింది ఇదే. బొగ్గు ఆపిన లహ్తి ఎనర్జీ కంపెనీ ఆ నగరం సొంత ఆస్తి. ఫిన్లాండ్‌లో ప్రతి మున్సిపాలిటీ తన ప్రజల ఆదాయం మీద తానే పన్ను వేసుకుంటుంది, రేటు కౌన్సిలే నిర్ణయిస్తుంది. నగర ప్రధానాధికారిని కూడా కౌన్సిలే నియమించుకుంటుంది. పని బాగాలేకపోతే నాలుగేళ్లకోసారి జనం లెక్క తేలుస్తారు.

మావాడు పెరిగింది కూకట్‌పల్లిలో. ఆ పేరుతో ఉన్న నాలాయే మురుగును హుస్సేన్‌సాగర్‌లోకి మోసుకొచ్చింది. హైదరాబాద్‌లో నీళ్లు, మురుగు జలమండలి చేతిలో, కరెంటు డిస్కం చేతిలో, సిటీ బస్సు ఆర్టీసీ చేతిలో ఉన్నాయి. అన్నీ రాష్ట్ర ప్రభుత్వం కిందివే. కమిషనర్‌ను పంపేది కూడా ప్రభుత్వమే. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. నీటి సరఫరా, పర్యావరణ రక్షణ సహా 18 అంశాలను పట్టణ సంస్థలకు అప్పగించవచ్చని 12వ షెడ్యూల్‌లో రాసుకున్నాం. మూడు దశాబ్దాలు దాటినా ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ తాళంచెవులు వదల్లేదు. పైగా ‘తడిచెత్త, పొడిచెత్త వేరుచేయండి’ అని గోడల మీద రాసి, ఆ పని సరిగా జరగకపోతే తప్పు గృహిణి మీదకు నెడుతున్నారు. ఆమె వేరుచేసి ఇచ్చిన చెత్త మళ్లీ ఒకే బండిలో కలిసిపోవడం ఆమె కళ్లారా చూస్తోంది. రెండోరోజు వేరుచేయడం మానేస్తే అది ఆమె క్రమశిక్షణ లోపమా? మన జనాన్ని మనమే తిట్టుకోవడం వల్ల లాభపడేది ఆ తాళంచెవులు పట్టుకున్నవాళ్లే.

ఇదంతా ఫోన్‌లో చెప్తే మావాడు కాసేపు మాట్లాడలేదు. అప్పుడు వాడికి ఇంకో సంగతి చెప్పాను. ఫిన్లాండ్‌లో రెండేళ్లు స్థిరనివాసం ఉన్న విదేశీయులకు, పౌరసత్వం లేకపోయినా, మున్సిపల్ ఎన్నికల్లో ఓటుంది. కిందటిసారి ఆ ఎన్నికలు 2025 ఏప్రిల్‌లో జరిగాయి, మళ్లీ 2029లో వస్తాయి. అప్పటికి వాడు అక్కడే ఉంటే, తన గదిలోకి వేడి ఏం కాల్చి పంపాలో తేల్చే కౌన్సిల్‌కు ఓటేస్తాడు. కూకట్‌పల్లిలోనూ వాడికి ఓటుంది. ఆ ఓటుతో గెలిచిన కార్పొరేటర్ నాలా గురించి జలమండలికి వినతిపత్రం ఇవ్వగలడు.