ఆరు చక్రాల దొరవారికి

మహారాజశ్రీ టిరెల్ పీ34 దొరవారికి,
అసలు కారులో ఇరవయ్యో వంతు సైజు ప్లాస్టిక్ బొమ్మ,
మా డైనింగ్ టేబుల్, హైదరాబాద్.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. ముందు ఎడమవైపు రెండో చక్రం తప్ప తమరు కూడా క్షేమమనే తలుస్తాను. ఆ చక్రం సంగతి చివర్లో మాట్లాడుకుందాం, ముందే మొదలుపెడితే నాకు మళ్లీ బీపీ పెరుగుతుంది.

తమరు రేసు కారు. 1976 జూన్ 13న స్వీడన్‌లోని అండర్స్‌టార్ప్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసులో జోడీ షెక్టర్ మీ అసలు అన్నగారిని 72 రౌండ్లు తిప్పి, గంటా నలభై ఏడు నిమిషాల్లో పని ముగించుకుని మొదటి స్థానం పట్టుకుపోయాడు. రెండో స్థానంలో వచ్చిన పాట్రిక్ డెపాయే తోలిందీ మీ ఇంటి బండే. మరి మిమ్మల్ని నేను ఇంటికి తెచ్చుకున్నది 2023 మార్చిలో. ఇప్పటికి మూడు వానాకాలాలు గడిచాయి. మా వీధిలో తవ్విన డ్రైనేజీ గొయ్యి కూడా మీకంటే ముందే పూడింది. రేసు కారని పేరు పెట్టుకుని ఇంత నిదానమా, దొరా?

అసలు ఈ పిచ్చి ఎలా పట్టిందో కూడా చెప్పాలి. ఆ ఏడాది ఫిబ్రవరి 11న మా హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నేను నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ముప్పై రెండేళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కరెంటు కార్లు సర్రున పోతుంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కాసేపు విని, "మన మిక్సీ ఇంతకంటే గట్టిగా మోగుద్దిరా" అన్నారు. అప్పుడనిపించింది, చప్పుడు చేసే కాలం నాటి బండి ఒకటి ఇంట్లో ఉండాలని. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. మీరు మాత్రం రద్దు కాలేదు, డైనింగ్ టేబుల్ మీద సగం ఆక్రమించుకుని అలాగే ఉన్నారు.

డబ్బా విప్పిన రోజు నాన్న మూత మీది బొమ్మని చాలాసేపు చూశారు. "ముందు నాలుగు, వెనక రెండు. మన లారీకి ముందు రెండు, వెనక నాలుగు. తిరగేసి బిగించారేమో చూసుకో" అన్నారు.

తిరగేసి కాదు నాన్నా, కావాలనే అంటూ మీ వంశ చరిత్ర చెప్పుకొచ్చాను. డెరెక్ గార్డ్‌నర్ అనే ఇంజనీరు ముందు చక్రాలని పది అంగుళాల రిమ్ముకి కుదించి, ముందున్న రెక్క చాటుకి తోశాడు. గాలి వాటిని తగిలి పైకెత్తదు. చక్రం చిన్నదైతే రోడ్డుని పట్టుకునే చోటు తగ్గుతుంది కాబట్టి రెండింటి బదులు నాలుగు పెట్టాడు. మూలలు తిరగడానికీ, బ్రేకు వేయడానికీ అదే మేలన్నాడు. 1975లో మిమ్మల్ని మొదటిసారి పత్రికలవాళ్లకి చూపించినప్పుడు, ముసుగు కింద కమ్మీలు వంచి పెట్టి మామూలు చక్రాల ఆకారం తెప్పించారట, ముసుగు తీసేదాకా ఎవరికీ అనుమానం రాకుండా. పెళ్లిచూపుల్లో కూడా అంత దాపరికం ఉండదు.

నాన్న అంతా విని ఒకటే అడిగారు. "అంత చిన్న టైరు వాళ్లకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు కదా, దాన్ని బాగుచేసే పని ఎవడు పెట్టుకుంటాడు?" నేను నోరెళ్లబెట్టాను. 1977లో మీ వాళ్ల కొంప ముంచినవాటిలో అదొకటి. వెనక టైర్లు ఏటేటా మెరుగుపడ్డాయి, ముందరి బుడ్డ టైర్లు అక్కడే ఆగిపోయాయి. 1978కల్లా టిరెల్ వాళ్లు బుద్ధిగా నాలుగు చక్రాలకి వచ్చేశారు. తర్వాత 1983 నుంచి ఫార్ములా వన్‌లో నాలుగుకి మించి చక్రాలే ఉండకూడదని రూలు పెట్టారు. ఇంత కథ మా నాన్న టైరు చూడగానే చెప్పేశారు. నేనేమో మీ మీద మూడు నెలలు చదివాను.

ఇంకో తమాషా కూడా విన్నవించుకోవాలి. మీ జట్టు యజమాని కెన్ టిరెల్ గారిది కలప వ్యాపారం, ఆయన రేసు కార్లు తయారైంది కలప అడితిలోని షెడ్డులో. మీ ఈ బుల్లి అవతారాన్ని పోతపోసిన జపాన్‌వాళ్ల తమియా కంపెనీ కూడా 1946లో షిజువోకాలో కోతమిల్లుగా మొదలైందే. అటూ ఇటూ కర్రలు కోసుకున్నవాళ్లే. మధ్యలో ప్లాస్టిక్ కోసుకుంటూ నేను.

ఇక నా ఖర్చు లెక్క. మీ ధర ఇంట్లో సగమే చెప్పాను, ఆ పాపం నాది. కానీ మీ వెనక వచ్చిన పెళ్లివారి మాటేమిటి? ముక్కలు కత్తిరించే కటింగ్ ప్లయర్ వేరే, పట్టకారు వేరే, జిగురు రెండు రకాలు, సన్నకత్తి, మాస్కింగ్ టేపు, ప్రైమర్, ఉప్పు కాగితం నాలుగు నంబర్లు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మొదటి ముక్క కోయకముందే మీకోసం అద్దాల పెట్టె కూడా కొన్నాను. లాకర్ పెయింట్ అంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. బ్యాంకు లాకర్ కాదన్నాను. "అయితేనేం, డబ్బంతా అందులోకే పోతోందిగా" అంది.

రంగుల పట్టిక చూశాక ఆవిడే నా పక్కన కూర్చుంది. మీకు కావలసిన నలుపులు మూడు: నిగనిగలాడే నలుపు, సగం నిగనిగలాడేది, అసలు నిగనిగ లేనిది. చక్రానికి ఒకటి, సీటుకి ఒకటి, ఇంకెక్కడో ఇంకొకటి. "చీరల షాపులో నేను రెండు మెరూన్లు తీయిస్తే రెండూ ఒకటేగా అని గొడవపడ్డ మనిషివి" అని గుర్తుచేసింది. జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మీ తప్పేమీ లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. ముక్కకి ముక్క ఎంత ఒద్దికగా కూర్చుంటుందంటే, వంక పెట్టడానికి నాకు చోటే ఇవ్వలేదు. అదే నా ఫిర్యాదు. చెడిందల్లా నా చేతిలోనే చెడింది. మొదటిసారి నీలం రంగు కొట్టింది జూలైలో, బయట ముసురు. రంగు ఆరేలోపు గాల్లో తేమ పట్టి, ఒళ్లంతా విబూది రాసుకున్నట్టు తెల్లబడ్డారు. అంతా గీకి మళ్లీ మొదలు. నాలుగు వందల నంబరు కాగితంతో రుద్ది, వెయ్యితో రుద్ది, రెండు వేలతో రుద్ది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అనే మాటని నేను ఇన్నాళ్లూ సామెత అనుకున్నాను. అది పనేనని మీరు నేర్పారు.

ఈసారి బుద్ధి తెచ్చుకుని ఏప్రిల్ దాకా ఆగాను. మేడ మీద ఎర్రటి ఎండ, చినుకు ఊసే లేదు. ఎండతోపాటు పై ఫ్లోరు పిన్నిగారి గుమ్మడి వడియాలు కూడా ఉన్నాయన్నది నేను గమనించలేదు. అట్టపెట్టెలో మిమ్మల్ని పెట్టి స్ప్రే డబ్బా ఊపి ఒక్క వరస కొట్టానో లేదో, గాలి దిక్కు మార్చింది. మీకు అంటాల్సిన నీలం దుప్పటి మీదికి పోయింది. సాయంత్రం ఆవిడ మా గుమ్మంలో నిలబడి ఒక వడియం చూపించి, "ఏం బాబూ, ఇది నీలకంఠ వడియమా?" అన్నారు. మొత్తం పారబోయించి, రెండు బూడిద గుమ్మడికాయలు, రెండు కిలోల మినప్పప్పు కొనిచ్చాను. అది కూడా మీ ఖాతాలోనే రాశాను.

లెక్క అంటే గుర్తొచ్చింది. ఒకటికి ఇరవై అంటే అన్నిటినీ ఇరవైతో హెచ్చవేయాలి. తడి రంగు మీద వాలిన అర మిల్లీమీటరు దుమ్ము, మీ లోకంలో సెంటీమీటరు రాయి. ఇంజను మూత మీద పడిన నా బొటనవేలి ముద్ర కొలిచి చూస్తే ఒకటిన్నర సెంటీమీటరు. అంటే అసలు బండి మీదైతే ముప్పై సెంటీమీటర్లు, అడుగు స్కేలంత వేలిముద్ర. ఏ రాక్షసుడు ఆపితే ఆగింది ఆ కారు అని అనుకోరూ?

కాక్‌పిట్ పక్కన మీకొక బుల్లి కిటికీ ఉంది. ముందు చక్రాలు రెక్క చాటున దాక్కున్నాయి కాబట్టి, డ్రైవరు లోపల్నుంచి వాటిని చూసుకోవడానికి పెట్టిన కిటికీ అది. ఎంత ముచ్చటైన ఆలోచన! దాన్ని నేను సూపర్ గ్లూతో అంటించాను. ఆ జిగురు ఆవిరి అద్దంలాంటి ప్లాస్టిక్‌కి పడదు. తెల్లారేసరికి కిటికీకి శుక్లం వచ్చింది. ఇప్పుడు మీ డ్రైవరుకి చక్రాలు కనబడవు, నాకు డ్రైవరు సీటు కనబడదు.

ఇంక డెకాల్. నీళ్లలో నానబెట్టి, కాగితం మీద నుంచి జార్చి అంటించే ఆ పల్చటి పొర. మే నెల, ఫ్యాను ఆపి, తలుపులు వేసి, చెమటలు కారుతుంటే ఊపిరి బిగబట్టి షెక్టర్ గారి 3 నంబరు ఎత్తాను. జారుతోంది, జారుతోంది, చోటికి వస్తోంది. అప్పుడు మా అమ్మాయి తలుపు తోసుకుని వచ్చి "ఇంత ఉక్కలో ఎలా ఉన్నావు నాన్నా" అని పాపం ప్రేమగా ఫ్యాను వేసింది. 3 తనలోకి తాను ముడుచుకుని పెసరగింజంత అయింది. సూదితో విప్పబోతే రెండైంది. అందుకే ఇవాళ మీ ముక్కు మీద డెపాయే గారి 4 ఉంది. గెలిచిన బండి కావాలని మొదలుపెట్టి రెండో స్థానంతో సరిపెట్టుకున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లకి అది నేను కోరి ఎంచుకున్నదని చెబుతున్నాను.

ఇంజను గురించి నాన్నతో చిన్న గొడవైంది. మూడు లీటర్ల కాస్‌వర్త్, ఎనిమిది సిలిండర్లు, వాటికి సన్నటి తీగలు ఒక్కొక్కటే దూర్చి తొమ్మిది రాత్రులు కూర్చున్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూసి, "పిస్టన్లు ఏవి?" అన్నారు. లోపల ఏమీ ఉండదు నాన్నా అన్నాను. "మరి ఈ తీగలు దేనికి కరెంటు ఇస్తాయి?" అన్నారు. చూడ్డానికే అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. నా ఉద్యోగం సంగతి చెప్పిన రోజు కూడా ఇలాగే ఏమీ అనలేదు.

ఇప్పుడు చక్రం సంగతి. నాలుగు చక్రాల బండి నేల మీద ఆనకపోతేనే తల ప్రాణం తోకకి వస్తుంది. తమరికి ఆరు. మొన్న ఆదివారం అన్నీ బిగించి, పాత అద్దం ముక్క మీద నిలబెట్టాను. ఐదు ఆనాయి. ముందు ఎడమవైపు రెండోది గాల్లో తేలుతోంది. అటు ఒంచితే ఇటు లేచింది, ఇటు ఒంచితే మూలనున్నది లేచింది. రాత్రి పదకొండింటికి లైటు ఆర్పి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి నాన్న టేబుల్ దగ్గర ఉన్నారు. డిపో నాటి రేకు పెట్టె అటక మీంచి దింపించుకున్నారు. పదిహేనేళ్లుగా దాన్ని ఎవరూ తెరవలేదు. అందులోంచి సన్నటి సందులు కొలిచే రేకుల గుత్తి, ఫీలర్ గేజ్ తీసి, నూనె గుడ్డతో తుడిచి, రేకులు విసనకర్రలా విప్పి, మీ చక్రం కింద ఒక్కొక్కటే దూర్చి చూస్తున్నారు. ఒకటి వదులు, ఒకటి బిగువు. మధ్యదాని దగ్గర ఆగి, "పావు మిల్లీమీటరు. మీ లెక్కలో ఎంతరా?" అన్నారు. ఐదు మిల్లీమీటర్లు అన్నాను.

"నేను డ్యూటీలో ఉండగా ఇట్టాంటి బండి గేటు దాటనిచ్చేవాణ్ని కాదు" అని, మిమ్మల్ని బోర్లా తిప్పారు. చక్రం కాదట, దాని వెనక దాన్ని పట్టి ఉంచే చెయ్యిలాంటి ముక్క వంకర పోయిందట. దాన్ని కోసి, ఆ రేకు ఆసరాగా పెట్టి మళ్లీ అతికించాలట. జిగురు ఎంతసేపట్లో పడుతుంది, కత్తికి పదునుందా, ఇంకో పట్టకారు ఉందా అని అడిగారు. మా ఆవిడ టిఫిన్ తెచ్చి పెడితే "అక్కడ పెట్టమ్మా" అన్నారు, తల ఎత్తకుండా.

నేను ఆఫీసుకి బయల్దేరాను. మీరు ఇంకా బోర్లానే ఉన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
బండి సొంతదారు అని ఇన్నాళ్లూ అనుకున్నవాడు

తా.క.: ఇప్పుడే నాన్న ఫోన్ చేశారు. మూడు నలుపుల్లో ఆ చేతికి ఏది వేయాలో అడుగుతున్నారు.