అనుమానించిన భాషే అక్కరకు వచ్చింది

వలస వచ్చినవారు పూర్వీకుల భాషను, ఆచారాలను గర్వంగా నిలుపుకుంటే కొత్త దేశం పట్ల వారి విధేయత ఆ మేరకు తగ్గుతుందన్న అనుమానం చాలా దేశాల్లో ఉంది. ఆ అనుమానమే ప్రభుత్వ విధానమైతే ఏం జరుగుతుందో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని జపాన్ సంతతివారి అనుభవం చెబుతుంది.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై దాడి జరగగానే జపనీస్ నేర్పే ఉపాధ్యాయులను, బౌద్ధ అర్చకులను, సంఘాల పెద్దలను అరెస్టు చేయడం మొదలైంది. భయపడిన కుటుంబాలు స్వదేశం నుంచి వచ్చిన ఉత్తరాలను, పుస్తకాలను, పెద్దల ఫొటోలను తగలబెట్టుకున్నాయి. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ జారీ చేసిన 9066వ ఉత్తర్వు ఆధారంగా, ప్రధానంగా పశ్చిమ తీరం నుంచి, సుమారు 1,20,000 మందిని ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. దాడి జరిగిన హవాయిలో మాత్రం, జనాభాలో మూడో వంతుకు పైగా జపాన్ సంతతివారే ఉన్నా, ఇలాంటి సామూహిక నిర్బంధం జరగలేదు. అంతమందిని పంపేస్తే అక్కడి పనులు నడవవు. భద్రతే అసలు కారణమైతే ఈ తేడా ఎందుకుంటుంది?

అన్నిటికన్నా కలచివేసేది 1943లో శిబిరాల్లో పంచిన విధేయతా ప్రశ్నావళి. అమెరికాకు సంపూర్ణ విధేయత ప్రకటించి, జపాన్ చక్రవర్తి పట్ల విధేయతను వదులుకుంటారా అని 28వ ప్రశ్న అడిగింది. జపాన్ నుంచి వలస వచ్చిన తొలితరానికి అమెరికా పౌరసత్వం పొందే హక్కును చట్టం 1952 దాకా ఇవ్వలేదు కనుక, ప్రశ్న మొదట ఉన్న రూపంలో ‘అవును’ అంటే వారికి ఏ దేశమూ మిగలదు. అమెరికాలోనే పుట్టిన పిల్లలు ‘అవును’ అంటే, తమకు ఎన్నడూ లేని చక్రవర్తి భక్తి ఉండేదని ఒప్పుకున్నట్టవుతుంది. తల్లిదండ్రులకు దూరం కాకూడదనో, తమను బంధించిన తీరుపై ఆగ్రహంతోనో ‘కాదు’ అన్నవారిని అవిధేయులుగా లెక్కగట్టి టూలీ లేక్ శిబిరంలో వేరుగా ఉంచారు. ఆ కాగితం కొలిచింది విధేయతను కాదు, అవమానాన్ని ఎవరు ఎంతవరకు దిగమింగగలరన్నదాన్ని.

అదే సమయంలో సైన్యం జపనీస్ బాగా వచ్చిన సైనికుల కోసం వెతుకుతోంది. అమెరికాలో పుట్టినవారిలో చాలామందికి ఆ భాష అంతంతమాత్రంగానే వస్తుందని, దేశం అనుమానించినంతగా వారు జపాన్‌ను అంటిపెట్టుకుని లేరని అప్పుడు తేలింది. అమెరికాలో పుట్టి, జపాన్‌లో చదువుకుని తిరిగివచ్చిన ‘కిబే’లు, అంటే అందరికన్నా ఎక్కువ అనుమానానికి గురైనవారే, ఈ పనికి బాగా అక్కరకు వచ్చారు. మినెసోటాలోని సైనిక భాషా పాఠశాలలో శిక్షణ పొందినవారు శత్రువు పత్రాలను అనువదించారు, యుద్ధఖైదీలను ప్రశ్నించారు, ఒకినావా గుహల్లో దాక్కున్న పౌరులకు వారి భాషలోనే నచ్చజెప్పి బయటికి రప్పించారు. జపాన్ సంతతి అమెరికన్లతో ఏర్పడి ఐరోపాలో పోరాడిన 442వ రెజిమెంటు అనే సైనిక దళం శౌర్యం అందరికీ తెలుసు. ఈ దుభాషీల సేవ మాత్రం చాలాకాలం రహస్యంగానే ఉండిపోయింది. వారు దేశానికి ఇచ్చింది సరిగ్గా వదిలేయమన్న వారసత్వాన్నే. వదిలేసి ఉంటే ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు.

1988లో అమెరికా చట్టం చేసి క్షమాపణ చెప్పింది. జాతి దురభిమానం, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యమే ఆ నిర్బంధానికి కారణాలని అంగీకరించి, బతికున్న బాధితులకు తలా 20,000 డాలర్లు ఇచ్చింది. అప్పటికి తొలితరంలో చాలామంది కన్నుమూశారు.

ఇది అమెరికాలోని తెలుగువారికీ సంబంధించిన చరిత్రే. అక్కడ పౌరసత్వ ప్రమాణం విదేశీ ప్రభుత్వం పట్ల విధేయతను వదులుకోమంటుంది, రాజ్యాంగాన్ని నిలబెట్టమంటుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడాలో, ఏ దేవుణ్ణి కొలవాలో చెప్పదు. అందుకే ఆదివారం పిల్లలను తెలుగు బడికి తీసుకెళ్లే తల్లి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. అయితే కులాభిమానాన్ని కూడా వారసత్వమనే పేరుతో సముద్రం దాటించడాన్ని నేను సమర్థించలేను. తోటి పౌరుణ్ణి తక్కువ చేసే గర్వానికి ఈ రక్షణ వర్తించదు. ఇక్కడి పార్టీల కోసం అమెరికా వీధుల్లో కార్ల ర్యాలీలు తీసే ఉత్సాహంలో కొంతైనా, తమకు ఓటున్న ఊరి స్కూల్ బోర్డు ఎన్నికల్లోనూ కనిపించాలి.