టిక్ తీసేసినా పోని డ్రిప్

అనంతపురంలో వేరుశనగ విత్తనాల కోసం రైతులు నింపే వెబ్ ఫారం అది. పేరు, ఎకరాలు టెక్స్ట్ బాక్సుల్లో, ‘డ్రిప్ ఉంది’ చెక్‌బాక్స్‌లో. ఒక రైతు టిక్ తీసేసి సేవ్ చేసినా డేటాబేస్‌లో డ్రిప్ ఉన్నట్టే ఉండిపోయింది. జావాలో ఆ ఫారం రాస్తున్న ఇద్దరికీ దాని మీదే వాదం.

అక్క: ఫారంలో వచ్చిన విలువలను జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ తనే ఆబ్జెక్ట్‌లో నింపేస్తుంది. అందుకే ఈ స్ప్రింగ్ బైండింగ్ వద్దంటున్నానప్పా.

తమ్ముడు: తప్పు స్ప్రింగ్‌ది కాదక్కా. ఖాళీ టెక్స్ట్ బాక్స్ ఖాళీ స్ట్రింగ్‌గానైనా వస్తుంది. టిక్ లేని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు. మనం పాత రికార్డు తెచ్చి, వచ్చిన విలువలను దాని మీద రాస్తున్నాం. డ్రిప్ రాలేదు, పాత ట్రూ మిగిలింది.

అక్క: గెట్‌పారామీటర్‌తో ఒక్కో విలువను పేరు పెట్టి మనమే చదివితే పోయేది. నల్ వస్తే, అంటే ఆ పేరుతో ఏమీ రాకపోతే, ఫాల్స్. ఒక్క లైను.

తమ్ముడు: ఫోన్ నంబర్ మార్చే చిన్న పేజీ కూడా అదే కోడ్‌కు వస్తుంది. అందులో డ్రిప్ బాక్సే లేదు, అక్కడా నల్లే. డ్రిప్ ఉన్న రైతుకు లేదని రాసేస్తాం. టిక్ తీసేయడం వేరు, అసలు అడగకపోవడం వేరు. అందుకే స్ప్రింగ్ ఫారం ట్యాగ్ అదే పేరుకు ముందు అండర్‌స్కోర్ చేర్చి పేజీలో కనిపించని ఒక హిడెన్ ఫీల్డ్ పెడుతుంది. అది వచ్చి డ్రిప్ రాకపోతే బైండర్ ఫాల్స్ వేస్తుంది. రెండూ రాకపోతే ముట్టుకోదు. మన పేజీలో ఇన్‌పుట్ చేత్తో రాశాం, ఆ ఫీల్డ్ లేదు.

అక్క: సరే, ఒప్పుకుంటా. ఆ రికార్డులోనే ‘సబ్సిడీ మంజూరు’ ఉంది, దాని విలువ మార్చే సెట్టరూ ఉంది. ఫారంలో లేకపోయినా ఎవరైనా ఆ పేరుతో ట్రూ పంపితే?

తమ్ముడు: బైండర్ తీసుకుంటుంది. సెట్‌అలోడ్‌ఫీల్డ్స్‌లో తీసుకోవాల్సిన పేర్లు మాత్రమే మనం రాస్తే తప్ప.

అక్క: రాయడం మర్చిపోతే? అది రైతుల డబ్బు. చేత్తో చదివితే మనం అడగనిది లోపలికే రాదు.

తమ్ముడు: అయితే రికార్డునే బైండ్ చేయొద్దు. పేరు, ఎకరాలు, డ్రిప్ మాత్రమే ఉన్న ఫారం క్లాసు వేరే రాద్దాం. ఫోన్ పేజీకి ఇంకొకటి.

అక్క: అప్పుడు నీ అండర్‌స్కోర్ ఎందుకు? కొత్త ఆబ్జెక్ట్‌లో బూలియన్ ఫాల్స్‌తోనే మొదలవుతుంది.

తమ్ముడు: రేపెవరైనా డిఫాల్ట్ ట్రూ పెడితే టిక్ మళ్లీ తీయలేరక్కా.

అక్క: అండర్‌స్కోర్ పెట్టుకో. ‘మంజూరు’ మాత్రం ఆ క్లాసులో కనిపిస్తే నీ కోడ్‌ను నేను మెయిన్ కోడ్‌లో మెర్జ్ చేయను.