మేడా, ఊళ్ళా? టెర్రేరియా జనం గురించి అక్కాతమ్ముళ్ళ వాదం

(అక్క, తమ్ముడు కలిసి టెర్రేరియా అనే వీడియో గేమ్‌లో ఒకే ప్రపంచంలో ఆడుతున్నారు. ఆట మొదలైన చోటనే తమ్ముడు ఒక మేడ కట్టి, ఆటే నడిపించే మనుషుల్లో (ఎన్‌పీసీల్లో) వచ్చిన ప్రతి ఒక్కరినీ అందులోనే పెట్టాడు. అక్క అతనికి చెప్పకుండా ఎడారిలో రెండు ఇళ్ళు కట్టి, తుపాకులమ్మే ఆర్మ్స్ డీలర్‌నూ నర్సునూ అక్కడికి మార్చింది.)

తమ్ముడు: నిన్న రాత్రి బాస్ అనే పెద్ద రాక్షసుడితో పోరాడుతూ, కొన ఊపిరితో నర్సు గదికి పరుగెత్తాను. గదిలో టార్చి వెలుగుతోంది, బల్ల ఉంది, కుర్చీ ఉంది, మనిషి మాత్రం లేదు. ఆ తలుపు దగ్గరే ప్రాణం పోయింది. ఆమెను ఎడారికి పంపించానని నువ్వు తీరిగ్గా ఈ పొద్దున చెప్పావు. కష్టపడి ఒక్కొక్కరినే రప్పించుకున్న జనాన్ని ఇలా నలుదిక్కులా చెదరగొట్టడానికి నీకు కనిపించిన కారణం ఏమిటో ముందు చెప్పు.

అక్క: ప్రాణం పోయినందుకు నిజంగానే బాధగా ఉంది, ముందుగా చెప్పకపోవడం నా తప్పే. కాని "కష్టపడి రప్పించాను" అన్న మాటను మాత్రం ఒప్పుకోను. వాళ్ళు రావడానికి నువ్వు పడిన కష్టం ఏపాటిది?

తమ్ముడు: ఏపాటిదో లెక్కగా చెబుతాను, ఎందుకంటే నా వాదమంతా ఆ లెక్క మీదే నిలబడి ఉంది. ఒక మనిషి ఊరికి రావాలంటే ఈ ఆట అడిగేవి రెండే: అతనికి సంబంధించిన షరతు ఒకటి తీరాలి, అతనికోసం ఒక ఖాళీ ఇల్లు ఉండాలి. సలహాలు చెప్పే గైడ్ మొదటి రోజు నుంచే మనతో ఉంటాడు. మన ఇద్దరి దగ్గరా కలిపి 50 వెండి నాణేలు చేరితే మర్చెంట్ వస్తాడు. అతను వచ్చాక, మనలో ఒకరైనా లైఫ్ క్రిస్టల్ వాడి ప్రాణాన్ని 100 దాటించుకుంటే నర్సు వస్తుంది. సంచిలో తుపాకీయో తూటాలో ఉంటే ఆర్మ్స్ డీలర్, బాంబు ఉంటే డెమాలిషనిస్టు. ఇక ఇల్లంటావా, చట్రంతో కలిపి 60 గడులకు తగ్గకుండా, 750కి చేరకుండా ఉండాలి; వెనక గోడ, ఒక దీపం, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక తలుపు ఉంటే చాలు. పది గడుల పొడవు, ఆరు గడుల ఎత్తు ఉన్న కొయ్య గది సరిగ్గా 60కి సరిపోతుంది. అలాంటివి ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోయాను. తెల్లవారితే ఎవరో ఒకరు వచ్చి చేరేవారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఈ ఆట ఆడి ఉంటే మొదటి సగాన్ని కొట్టేసేవారు.

అక్క: 2011లో ఆట వచ్చినప్పటి నుంచి తొమ్మిదేళ్ళపాటు నీ మాట అక్షరాలా నిజం. అప్పట్లో అందరూ అగ్గిపెట్టెలే కట్టేవారు, కట్టినవాళ్ళే వాటికి ఎన్‌పీసీ జైలు అని పేరు కూడా పెట్టుకున్నారు. 2020 మే 16న జర్నీస్ ఎండ్ అనే 1.4 అప్‌డేట్ వచ్చాక కథ మారింది. ఇప్పుడు ప్రతి మనిషికీ ఒక సంతోషం లెక్క ఉంది. తను ఏ నేల మీద ఉన్నాడు, పక్కన ఎవరున్నారు, చుట్టూ ఎంతమంది కిక్కిరిసి ఉన్నారు అన్నవాటిని బట్టి అతను చెప్పే ధర అసలు ధరలో 75 శాతానికి దిగవచ్చు, 150 శాతానికి ఎక్కవచ్చు. నీ మేడలో ఆర్మ్స్ డీలర్ గదికి ఆ పక్కన ఎవరున్నారో గుర్తుందా?

తమ్ముడు: డెమాలిషనిస్టు. ఒకడు తుపాకులు అమ్ముతాడు, ఒకడు బాంబులు అమ్ముతాడు, కొనేవాడికి సౌకర్యంగా ఉంటుందని పక్కపక్కన పెట్టాను.

అక్క: వాళ్ళిద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. సరుకు దగ్గర నీకు సౌకర్యం, కాపురం దగ్గర అతనికి నరకం. అతన్ని పలకరించి హ్యాపీనెస్ అన్న మీట ఒక్కసారి నొక్కి ఉంటే తన నోటితోనే చెప్పేవాడు. నువ్వు దుకాణం మీట తప్ప మరొకటి ఎన్నడూ నొక్కలేదు. అతని దగ్గర మినీషార్క్ తుపాకీ అసలు ధర 35 బంగారు నాణేలు. అతని సంతోషం అట్టడుగున ఉంటే దానికి 52 బంగారు, 50 వెండి అడుగుతాడు. నిండుగా ఉంటే 26 బంగారు, 25 వెండికే ఇస్తాడు. సరిగ్గా సగం!

తమ్ముడు: ఆగు. నర్సు కూడా అదే అంతస్తులో ఉంది. ఆమె అంటే అతనికి ప్రాణమని నాకూ తెలుసు. ఒక శత్రువు, ఒక ప్రియురాలు, లెక్క సరిపోలేదా?

అక్క: సరిపోదు, ఎందుకంటే ఇంకో ఎనిమిది మంది 25 గడుల లోపలే కూర్చుని ఉన్నారు. అంత దగ్గరలో ముగ్గురికి మించి పొరుగువాళ్ళు ఉంటే, మించిన ప్రతి ఒక్కరికీ కొంత చొప్పున ధర పెరుగుతుంది. ఎడారి అతనికి ఇష్టమైన నేల. నర్సుకు ఎడారి మీద ఇష్టమూ లేదు, కోపమూ లేదు, కాని అతనంటే పిచ్చి ప్రేమ. పక్కన వేరే గొడవ లేదు. చిలకాగోరింకల్లా ఉన్నారు. నర్సు సరుకేమీ అమ్మదు, నిజమే, అయితే ఆమె వైద్యానికి తీసుకునే రుసుము కూడా ఈ లెక్క ప్రకారమే తగ్గుతుంది. నిన్న నీ ప్రాణం పోకుండా ఉంటే ఆ సంగతి గమనించి ఉండేవాడివి.

తమ్ముడు: దెప్పిపొడుపు పక్కన పెట్టు. నాణేల మాటే చూస్తే, ఈ ఆటలో డబ్బు వరదలా వస్తుంది. రెండు రాత్రులు గుహల్లో తిరిగితే ఆ 26 బంగారు నాణేల తేడా తీరిపోతుంది. ఆ తేడా కోసం ప్రపంచం నలుమూలలా ఇళ్ళు కట్టడం కాణీ కోసం కోట కట్టినట్టు ఉంది.

అక్క: తుపాకీని ఒక్కసారే కొంటాం కాబట్టి అక్కడ నీ మాట చెల్లుతుంది. గాబ్లిన్ టింకరర్ దగ్గర ఏం చేస్తావు? కత్తికి కొత్త గుణం వేయించే పని అదృష్టం మీద ఆధారపడింది. కావలసింది పడేదాకా మళ్ళీ మళ్ళీ డబ్బు పోస్తూనే ఉండాలి. పోయిన వారం నువ్వే అతని ముందు నిలబడి, సంచి ఖాళీ అయ్యేదాకా మీట నొక్కుతూ కూర్చున్నావు. అతని ప్రాణమంతా మెకానిక్ మీద ఉంది, ఆమెకూ అంతే. అతనికి భూగర్భం ఇష్టం, ఆమెకు మంచు ఇష్టం. ఆమె భూగర్భాన్ని సహించలేదు, అతనికి మంచుతో పేచీ లేదు. కాబట్టి ఇద్దరినీ మంచులో పెట్టాలి. నిజం చెప్పాలంటే నేను గంటలు గంటలు ఈ పెళ్ళిచూపుల లెక్కలోనే గడుపుతాను, బాస్‌లను చంపడం కన్నా ఇదే బాగుంటుంది.

తమ్ముడు: అసలు విషయం ఇప్పుడు బయటపడింది. సరే, నేను కూడా ఒకటి అడుగుతాను. నీ ఎడారి ఇళ్ళు ఎంత ఉన్నాయో కొలిచాను. పదీ ఆరు, పదీ ఆరు. నా గదులు ఎంతో అంతే! నువ్వు జైలును కూలగొట్టలేదు, అందులో గదులను తీసుకెళ్ళి ఎడారిలో పాతావు. మనుషుల ఇష్టాయిష్టాలు అంటూ ఎంత మాట్లాడినా, చివరికి నువ్వు చేసింది ధరల పట్టికను చూసి మనుషులను సర్దడమే. నేను కనీసం నావి దుకాణాలని దాచుకోకుండా చెబుతున్నాను.

అక్క: ఆ దెబ్బ తగిలింది. ఇళ్ళు చిన్నవే, తొందరలో కట్టాను. అయితే నువ్వు ఒకటి వదిలేశావు. సంతోషంగా ఉన్న మనిషి తన నేలకు తగిన పైలాన్‌ను అమ్ముతాడు. ఆర్మ్స్ డీలర్ ఎడారి పైలాన్ ఇచ్చాడు. పక్కన ఇద్దరు మనుషులు కాపురముంటే ఆ స్తంభం పనిచేస్తుంది. ఒక స్తంభం దగ్గర నిలబడి పటం తెరిస్తే ఇంకో స్తంభం దగ్గరకు క్షణంలో చేరవచ్చు. చిన్న ప్రపంచమే 4200 గడుల వెడల్పు ఉంటుంది, అందులో ఈ మూల నుంచి ఆ మూలకు ఎన్నిసార్లు కాళ్ళీడ్చామో నీకు తెలుసు. నా గుడిసెలు రెండేసి కలిస్తే ఒక్కో స్టేషన్.

తమ్ముడు: బాస్ బతికి ఉన్నంతసేపు ఆ స్టేషన్లు మూతబడతాయి! నిన్న నేను ఎడారికి ఎగిరి నర్సును చేరుకోలేకపోవడానికి కారణం అదే. శత్రుసేన దండెత్తినప్పుడూ అంతే. మనుషులు అవసరమైన ఘడియలోనే నీ ఏర్పాటు చెయ్యి ఇవ్వదు. బ్లడ్ మూన్ రాత్రి జాంబీలు తలుపులు తెరుచుకుని లోపలికి వస్తాయి. నా మేడ ఒక్కటే కాబట్టి కింద నిలబడి అందరినీ కాచుకోగలను. పది చోట్ల నువ్వెలా కాస్తావు? ఇంతకన్నా పెద్ద చిక్కు హార్డ్‌మోడ్ అనే కఠినమైన దశ వచ్చాక మొదలవుతుంది. కరప్షన్ అనే కుళ్ళు నేలంతా పాకుతుంది, ఇంటి చుట్టూ అది పెరిగిందంటే ఆ ఇల్లు నివాసానికి చెల్లదు. నేను మేడ చుట్టూ ఒక్క కందకం తవ్వాను. నువ్వు పది కందకాలు తవ్వాలి.

అక్క: (కొంతసేపు ఆగి) కందకాల మాటకు నా దగ్గర సమాధానం లేదు. పది కాకపోయినా, నాలుగైదు తవ్వక తప్పదు. నర్సును కూడా బాస్ పోరు ఉన్న రోజుల్లో మేడకు తెచ్చి, తరువాత ఎడారికి పంపిద్దాం. ఇళ్ళ పట్టీలో ఆమె ఇల్లు ఏదో చూపించే జెండాను తీసి మేడ గదిలో పెడితే చాలు కదా. కాని హార్డ్‌మోడ్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను, దాన్ని ఎలా తెప్పిస్తామో నీకు గుర్తుందా?

తమ్ముడు: పాతాళంలో వూడూ డీమన్ అనే రాక్షసుడి దగ్గర దొరికే గైడ్ బొమ్మను లావాలో వేయాలి. వాల్ ఆఫ్ ఫ్లెష్ అనే బాస్ లేస్తుంది, దాన్ని చంపితే హార్డ్‌మోడ్ వస్తుంది.

అక్క: ఆ బొమ్మ లావాలో పడగానే ఇక్కడ మన గైడ్ చచ్చిపోతాడు. మొదటి రోజు, మనకు గొడ్డలి పట్టడం కూడా రాని రోజు, మనతో ఉన్న ఒకే ఒక్క మనిషి.

తమ్ముడు: తెల్లవారితే ఇంకో గైడ్ వస్తాడు. గది ఖాళీగా ఉంటే చాలు.

అక్క: వస్తాడు, వేరే పేరుతో వస్తాడు. మన దగ్గర ఉన్నవాడు ఆండ్రూ. మర్నాడు జేక్ వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడు, అవే సలహాలు చెబుతాడు. నీ వాదం ప్రకారం అందులో నష్టమేమీ లేదు, దుకాణం తెరిచే ఉంది. నాకు మాత్రం ఆ పేరు మారడం దగ్గర ఏదో గుచ్చుకుంటుంది. పిక్సెళ్ళ మీద ఇంత మమకారమా అని నువ్వు నవ్వుకో, ఫరవాలేదు.

తమ్ముడు: నవ్వడం లేదు. ఆండ్రూ పేరు నాకూ గుర్తుంది కదా. అయినా ఆ బొమ్మను వేయక తప్పదు, వేయకుండా ఆట ముందుకు సాగదు. మనుషులు పోవడం, మళ్ళీ రావడం ఈ ఆటలో మామూలు సంగతి కాబట్టే వాళ్ళకు ఇష్టమైన నేల వెతకడం దండగ అంటున్నాను.

అక్క: ఒక మనిషి విషయంలో దండగ అనడానికి వీలు లేదు. హార్డ్‌మోడ్‌లో ట్రఫుల్ అనే పుట్టగొడుగు మనిషి ఉన్నాడు. నీ మేడలో వంద ఖాళీ గదులు ఉన్నా అతను మొదటిసారి వాటిలో దేనిలోకీ రాడు. నేల పైన, మెరిసే పుట్టగొడుగులు పెరిగిన చోట ఇల్లు ఉండాలి. అలాంటి నేల సాధారణంగా భూగర్భంలోనే ఉంటుంది. కాబట్టి బురదమట్టి తవ్వి పైకి మోసుకొచ్చి, పరిచి, విత్తనాలు చల్లి, అవి పాకి మొలిచేదాకా ఎదురుచూసి, అప్పుడు ఆ నీలి వెలుగు మధ్య ఇల్లు కట్టాలి. నీ లెక్కలో షరతు ఒకటి, ఇల్లు ఒకటి అన్నావు. ఇక్కడ ఇల్లే షరతు. అందరూ వచ్చి చేరితే తప్ప ప్రిన్సెస్ రాదు, అంటే ట్రఫుల్‌ను వదిలేసే వీలు కూడా నీకు లేదు.

తమ్ముడు: మట్టి ఎంత కావాలి?

అక్క: అడవి అంచున చెరువు పక్కన ఉన్న పల్లం నిండేంత. గైడ్ అంటే ట్రఫుల్‌కు ప్రాణం, అందుకని గైడ్‌కు కూడా ఆ పక్కనే ఒక గది వేద్దామనుకుంటున్నాను. అతనికి అడవి ఇష్టం, కనుక గది అడవి వైపు అంచున పడాలి.

తమ్ముడు: అది మేడకు దగ్గరే, నా కందకాన్ని కాస్త పొడిగిస్తే రెండూ లోపలికి వస్తాయి. మట్టి నేను తవ్వుతాను. ఆర్మ్స్ డీలర్ ఎడారిలోనే ఉండనీ, నర్సు జెండాను మాత్రం ఈ సాయంత్రం ఏడున్నరలోపు మేడ మీదకు తెచ్చిపెట్టు, చీకటి పడగానే మళ్ళీ ఆ బాస్‌నే పిలవబోతున్నాను. డెమాలిషనిస్టు ఉన్నచోటే ఉంటాడు.

అక్క: వాడికీ భూగర్భం ఇష్టమే.

తమ్ముడు: అక్కా, ఈ రాత్రికి వదిలెయ్.