లోమన్ అడిగిన మరో పది పౌండ్లు

1877 మార్చి 15న మెల్‌బోర్న్‌లో మొదలైన ఆటనే ఇవాళ తొలి టెస్ట్ మ్యాచ్‌గా లెక్కిస్తున్నాం. ఇంగ్లండ్ కెప్టెన్ జేమ్స్ లిల్లీవైట్. ససెక్స్ బౌలర్, ఆట మీద వచ్చే డబ్బుతోనే ఇల్లు గడుపుకునే మనిషి. ఆ జట్టులో ఒక్క అమెచ్యూర్ కూడా, అంటే కూలి తీసుకోకుండా ఆడేవాడు కూడా లేడు. ఓడ ప్రయాణం, మ్యాచ్‌ల ఏర్పాట్లు, లాభనష్టాలు అన్నీ ఆటగాళ్లే చూసుకున్న పర్యటన అది. అలాంటి మనిషి నాయకత్వంలో టెస్ట్ క్రికెట్ మొదలైతే, సొంత గడ్డ మీద ఒక వృత్తి ఆటగాణ్ని ఇంగ్లండ్ కెప్టెన్‌గా నియమించడానికి మాత్రం 1952 దాకా పట్టింది. ఆయన లెన్ హట్టన్. లీడ్స్‌లో ఆ రోజు ఎదుట నిలిచింది మన భారత జట్టే.

ఈ డెబ్బై అయిదేళ్ల ఆలస్యాన్ని ‘ఆ రోజుల్లో అంతే’ అని దాటేయడం నాకు మింగుడుపడదు. ఆ రోజుల్లో అంతే కాదు కాబట్టి. ఇంగ్లండ్‌లో క్రికెట్‌ను ఊరూరా తిప్పి, టికెట్ పెట్టి, పదిమందికి జీతమిచ్చే ఆటగా మార్చింది మొదట వృత్తి ఆటగాళ్లే. కౌంటీ (మన జిల్లా వంటి ప్రాంతం) క్లబ్బులు, వాటికి పెద్ద దిక్కుగా నిలిచిన లండన్ క్లబ్బు ఎంసీసీ (మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) ఆ తర్వాత పగ్గాలు అందుకున్నాయి. అమెచ్యూర్ నీతి అని పుస్తకాలు గొప్పగా చెప్పేది ఆ పగ్గాలు చేజారకుండా పట్టుకోవడానికి పనికొచ్చిన తాడు.

నాటింగ్‌హామ్ తాపీ మేస్త్రీ విలియం క్లార్క్ దగ్గర మొదలుపెట్టాలి. ఒక కంటి చూపు పోయినా చేతివాటం పోని అండర్‌ఆర్మ్ (చేతిని కిందినుంచి ఊపి బంతి వేసే) బౌలర్. ట్రెంట్ బ్రిడ్జ్ దగ్గర సత్రం నడిపే వితంతువును పెళ్లి చేసుకుని, ఆ సత్రం వెనక ఖాళీ జాగాలో 1838లో మైదానం వేశాడు. ఇప్పటికీ టెస్టులు జరుగుతున్న ట్రెంట్ బ్రిడ్జ్ అదే. 1846లో దేశంలోని మేటి ఆటగాళ్లను కూడగట్టి ‘ఆల్ ఇంగ్లండ్ ఎలెవన్’ కట్టాడు. రైలు మార్గాలు అప్పుడప్పుడే దేశమంతా అల్లుకుంటున్నాయి. ఈ పదకొండు మంది రైలెక్కి పట్నం పట్నం తిరిగేవారు, స్థానికులు ఇరవై ఇద్దరిని బరిలోకి దింపేవారు. బలాలు సరితూగడానికి అదొక్కటే దారి. మైదానానికి కంచె కట్టి, గేటు దగ్గర డబ్బు వసూలు చేసేవారు. అంతకుముందు వేసవిలో నాలుగు మ్యాచ్‌లు దొరికితే గొప్ప అనుకునే బౌలర్‌కు సీజన్ పొడుగునా పని దొరికింది.

క్లార్క్‌ను దేవుణ్ని చేయనక్కర్లేదు. ఆటగాడికి మ్యాచ్‌కు నాలుగు నుంచి ఆరు పౌండ్లు చేతిలో పెట్టి, మిగతాది తనే ఉంచుకునేవాడు. ఆ కోపంతోనే 1852లో జాన్ విజ్డెన్, జెమ్మీ డీన్ వంటివారు విడిపోయి ‘యునైటెడ్ ఆల్ ఇంగ్లండ్ ఎలెవన్’ పెట్టుకున్నారు. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. యజమాని నచ్చకపోతే ఆటగాళ్లు లేచి వెళ్లి, సొంత జట్టు కట్టుకుని, అదే మార్కెట్‌లో పోటీకి దిగగలిగారు. బేరమాడే ఆ బలం తర్వాతి తరాలకు దక్కలేదు.

కౌంటీ క్లబ్బులు పుట్టింది ఈ కాలంలోనే. ససెక్స్ 1839, నాటింగ్‌హామ్‌షైర్ 1841, సర్రే 1845, యార్క్‌షైర్ 1863, లాంకషైర్ 1864. వీటిని నడిపింది చందా కట్టే సభ్యులు, అంటే భూస్వాములు, వకీళ్లు, మిల్లుల యజమానులు, పట్టణ పెద్దలు. తిరిగే జట్ల కంటే వీళ్ల సరుకు మేలైనదని ఒప్పుకోవాలి. ఇరవై ఇద్దరిని పదకొండు మంది చిత్తుచేసే తమాషా ఎన్నాళ్లని చూస్తారు? పదకొండుకు పదకొండు, మూడు రోజుల ఆట, పక్క కౌంటీ మీద పంతం, మర్నాడు పేపర్లో స్కోరు. జనం అటు మళ్లారు. 1870లు ముగిసేసరికి తిరిగే జట్ల వెలుగు తగ్గిపోయింది, వృత్తి ఆటగాడికి కౌంటీ కమిటీయే అన్నదాత అయింది.

ఆ కమిటీల చేతికి అసలైన బలమిచ్చింది 1873 నాటి అర్హత నిబంధనలు. అంతకుముందు జేమ్స్ సౌథర్టన్ అనే స్పిన్నర్ ఒకే సీజన్‌లో సర్రే, ససెక్స్, హాంప్‌షైర్ మూడింటికీ ఆడాడు. ఇకపై అది కుదరదన్నారు. పుట్టిన కౌంటీ, లేదా రెండేళ్లుగా నివాసమున్న కౌంటీ, ఏడాదికి ఈ రెంటిలో ఒకటే. పోటీ న్యాయంగా సాగాలంటే ఏదో ఒక కట్టుబాటు ఉండాల్సిందే, కాదనను. కానీ బరువు అందరి మీదా సమానంగా పడలేదు. బౌలింగే జీవనోపాధి అయినవాడు వేరే కౌంటీ ఎక్కువ ఇస్తానన్నా రెండేళ్లు కడుపు మాడ్చుకుని కూర్చోవాలి. అందుకని అతని ధర ఒక్క కమిటీ నోట్లో ఉండిపోయింది. ఆట ఆదాయం మీద ఆధారపడనివాడికి ఆ రెండేళ్లు పెద్ద లెక్క కాదు. స్థానికంగా పుట్టినవాళ్లే ఆడాలని దశాబ్దాలపాటు పట్టుబట్టిన యార్క్‌షైర్‌కు 1883 నుంచి 1910 దాకా కెప్టెన్‌గా ఉన్న లార్డ్ హాక్ పుట్టింది లింకన్‌షైర్‌లో. ఈ ఒక్క వాస్తవం చాలు, నిబంధన ఎవరి కోసం బిగుసుకుని ఎవరి కోసం సడలిందో చెప్పడానికి.

చాంపియన్‌షిప్ అనే పోటీ మాత్రం ఒక పద్ధతిలోకి రావడానికి చాలా కాలం తీసుకుంది. 1873లో ఎంసీసీ ఒక కప్పు ప్రకటిస్తే లార్డ్స్‌లో కెంట్, ససెక్స్ మధ్య ఒక్క మ్యాచ్ జరిగి ఆగిపోయింది. ఏ కౌంటీ మేటిదో చాలా ఏళ్లు పత్రికలే తేల్చేవి. 1889 డిసెంబర్‌లో కౌంటీల కార్యదర్శులు కూర్చుని, గెలుపుల్లోంచి ఓటములు తీసేసి లెక్క కట్టాలని తేల్చారు. మర్నాటి ఏడాది ఎనిమిది కౌంటీలతో అధికారిక చాంపియన్‌షిప్ మొదలైంది, సర్రే గెలిచింది. 1895కల్లా కౌంటీలు పద్నాలుగయ్యాయి. టెస్టులకు జట్టును ఎంచేది కూడా ఆతిథ్యమిచ్చే మైదానం వాళ్లే. అందుకే 1896లో రంజిత్‌సింహ్‌జీని లార్డ్స్ టెస్ట్‌కు తీసుకోకపోయినా, లాంకషైర్ కమిటీ మాంచెస్టర్‌లో ఆడించింది. తొలి టెస్ట్‌లోనే 62, ఆపైన 154 నాటౌట్.

ఇంతకీ అమెచ్యూర్ అంటే ఎవరు? ఆట మీద మక్కువతో, పైసా ఆశించకుండా ఆడేవాడని అర్థం చెబుతారు. ఆ కాలపు మేటి ఆటగాడు, అమెచ్యూర్‌గా చలామణి అయిన డబ్ల్యూ.జి. గ్రేస్ లెక్కలు చూడండి. 1873-74లో ఆస్ట్రేలియా వెళ్లినందుకు ఆయనకు 1,500 పౌండ్లు, పైగా ఖర్చులు. ఆయనతో వెళ్లిన వృత్తి ఆటగాళ్లకు ఒక్కొక్కరికి 170. 1891-92లో లార్డ్ షెఫీల్డ్ వెంట వెళ్లినప్పుడు 3,000 పౌండ్లు. 1895లో అభిమానులు, పత్రికలు, ఎంసీసీ కలిసి సేకరించి ఇచ్చిన నిధి 9,000 పౌండ్లు దాటింది. క్రికెట్ మైదానంలో చేసిన సేవతో ఏ జెంటిల్మన్ కూడా లాభం పొందకూడదని ఎంసీసీ 1878లో ప్రకటించింది. మర్నాటి ఏడాదే గ్రేస్‌కు 1,400 పౌండ్ల పైచిలుకు కానుక అందింది.

గ్రేస్ ఆ సొమ్ముకు తగనివాడని నేననను. ఆయన్ని చూడటానికే జనం విరగబడేవారు, ఆయన ఆడితే టికెట్ ధర పెంచిన మైదానాలున్నాయి. ఆయన సంపాదించింది తన కష్టానికి ఫలితమే. నా అభ్యంతరమల్లా అదే సంపాదనను ఆయన విషయంలో ‘ఖర్చులు’, ‘కానుక’ అనీ, బౌలర్ విషయంలో ‘కూలి’ అనీ పిలవడం గురించి. ఖర్చులు అడగొచ్చు, కూలి పెంచమని అడిగితే మాత్రం కృతఘ్నత. సర్రే బ్యాట్స్‌మన్ వాల్టర్ రీడ్‌కు క్లబ్బు సహాయ కార్యదర్శి కొలువిచ్చి అమెచ్యూర్‌గానే ఉంచింది. దారి కావాలనుకుంటే దొరికేది.

మైదానంలో ఈ గీత కంటికి కనిపించేది. అమెచ్యూర్లు పెవిలియన్ నడిమి ద్వారంలోంచి వచ్చేవారు, వృత్తి ఆటగాళ్లు పక్క గేటులోంచి. బట్టలు మార్చుకునే గదులు వేరు, భోజనాల బల్లలు వేరు. స్కోరు కార్డులో అమెచ్యూర్‌కు పేరుకు ముందు ఇనీషియల్స్, మిగతావాళ్లకు ఇంటిపేరు తర్వాత. అంతకంటే లోతైన గీత పనుల పంపకంలో ఉంది. ఎండలో రోజంతా బంతులు వేసే శ్రమ ఎక్కువగా వృత్తి ఆటగాళ్లదే. మ్యాచ్ లేని రోజున నెట్స్‌లో క్లబ్బు సభ్యులకు బంతులు వేసేదీ వాళ్లే. పొలం గట్టున గొడుగు కింద నిలబడ్డ ఆసామిని, మడిలో వంగిన కూలీని చూసిన మనకు ఈ పంపకం కొత్తగా అనిపించదు.

మిగతా ఆటలు ఇదే చిక్కును మరోలా విప్పుకున్నాయి. ఫుట్‌బాల్ 1885లో వృత్తి ఆటను ఒప్పుకుంది. రగ్బీ 1895లో రెండు ముక్కలైంది. క్రికెట్ మాత్రం ఇద్దరినీ ఒకే కప్పు కింద ఉంచి రెండు ద్వారాలు పెట్టుకుంది. ఒకే జట్టులో దొర, గని కార్మికుడు భుజం భుజం కలిపి ఆడారు కదా అని ఈ ఏర్పాటును మెచ్చుకునేవారున్నారు. ఆడారు, నిజమే. నిర్ణయాలు తీసుకునే కమిటీ గదిలో మాత్రం ఆ రెండో మనిషికి కుర్చీ లేదు.

కెప్టెన్సీ అనేది అనుభవం, నేర్పు ఉన్నవాడికి దక్కాలి. వృత్తి ఆటగాళ్లలో అలాంటివారికి కొదవ లేదు. హాక్ రాకముందు యార్క్‌షైర్‌ను నడిపింది వృత్తి ఆటగాడు టామ్ ఎమ్మెట్. 1883 నుంచి 1886 వరకు నాటింగ్‌హామ్‌షైర్ కెప్టెన్ ఆల్ఫ్రెడ్ షా, ఆ నాలుగేళ్లూ పత్రికలు ఆ కౌంటీనే మేటిగా నిలబెట్టాయి. అయినా కెప్టెన్ అమెచ్యూరే కావాలన్న పట్టు రానురాను బిగిసింది. వృత్తి ఆటగాడు ఇంగ్లండ్ కెప్టెన్ కాకూడదని దేవుణ్ని ప్రార్థిస్తున్నానని 1925లో హాక్ బహిరంగంగానే అన్నాడు.

ఈ నమ్మకం మన దాకా వచ్చింది. 1932లో భారత జట్టు మొదటిసారి టెస్ట్ ఆడటానికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు కెప్టెన్ పోరుబందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుటుంబీకుడు. మహారాజు పక్కకు తప్పుకోవడం వల్ల, రెండో ఆయనకు గాయం కావడం వల్ల తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడుకు లార్డ్స్‌లో ఆ గౌరవం దక్కింది. నాలుగేళ్ల తర్వాత అదే నాయుడు విజయనగరం మహారాజకుమార్ కింద ఆడాల్సి వచ్చింది. మూడు టెస్టుల్లో ఆ కెప్టెన్ చేసింది 33 పరుగులు. విజ్జీ అని పిలిచే ఆ మహారాజకుమార్ మన విజయనగరం వాడన్న అభిమానం నాకూ ఉంది. అయినా ఆ ఎంపికలో ఆటకు అన్యాయం జరిగిందనే అంటాను.

హాక్ గురించి ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. 1890లలో తన ఆటగాళ్లకు చలికాలంలో కూడా వారానికి రెండు పౌండ్లు ఇప్పించింది ఆయనే. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా పస్తులుండే ఇళ్లకు అది ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. బెనిఫిట్ మ్యాచ్ (ఒక ఆటగాడి కోసం ఆడి, వచ్చిన డబ్బు అతనికిచ్చే మ్యాచ్) సొమ్ములో మూడింట రెండు వంతులు కమిటీ దగ్గరే దాచి మదుపు పెట్టించాడు. దయ ఉన్న మనిషే. కానీ ఆ భద్రత హక్కుగా రాలేదు, దయగా వచ్చింది. తన సంపాదన ఏం చేసుకోవాలో తేల్చుకునే పెద్దరికం ఆటగాడికి లేకపోయింది. 1897లో యార్క్‌షైర్ బౌలర్ బాబీ పీల్ తాగి మైదానంలోకి వచ్చాడని పంపించేస్తే, పదిహేనేళ్ల సేవ అడ్డురాలేదు.

దయ కాదు, ఒప్పందం కావాలని ముందే అడిగినవాళ్లున్నారు. 1881లో షా, ఆర్థర్ ష్రూస్‌బరీతో పాటు మొత్తం ఏడుగురు నాటింగ్‌హామ్‌షైర్ ఆటగాళ్లు సీజన్ మొత్తానికి ఒప్పందం రాసివ్వాలని, బెనిఫిట్ మ్యాచ్‌కు హామీ కావాలని కోరారు. కమిటీ ససేమిరా అంది. ఆ ఏడాది జట్టు దెబ్బతింది, ఆటగాళ్ల ఐక్యత కూడా నిలవలేదు. ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

అసలు పరీక్ష 1896 ఆగస్టులో సర్రే సొంత మైదానం ఓవల్‌లో వచ్చింది. ఆస్ట్రేలియాతో సిరీస్ 1-1. అయిదుగురు వృత్తి ఆటగాళ్లు, సర్రే బౌలర్ జార్జ్ లోమన్, నాటింగ్‌హామ్‌షైర్ విలియం గన్, సర్రేకే చెందిన బాబీ ఏబెల్, టామ్ రిచర్డ్‌సన్, టామ్ హేవర్డ్, పది పౌండ్ల ఫీజును ఇరవై చేయమని సర్రే కమిటీకి రాశారు. గేటు దగ్గర వేలమంది టికెట్ కొంటున్నారని వాళ్లకు తెలుసు. అమెచ్యూర్ల ఖర్చుల సంగతీ తెలుసు. ఆ దుమారంలో సర్రే ఒక ప్రకటన చేయాల్సి వచ్చింది. లండన్ వచ్చి మూడు రోజులు ఉన్నందుకు డాక్టర్ గ్రేస్‌కు ఖర్చుల కింద ఇచ్చేది మ్యాచ్‌కు పది పౌండ్లేనని, అంతకుమించి ఏమీ లేదని. అంటే అమెచ్యూర్ ఖర్చు, బౌలర్ మొత్తం కూలి ఒకటే అంకె. తన రైలు చార్జీ, బస, తిండి ఆ పదిలోంచే పెట్టుకోవాల్సింది మాత్రం బౌలర్.

సర్రేలోనే బతకాల్సిన ఏబెల్, రిచర్డ్‌సన్, హేవర్డ్ వెనక్కి తగ్గి ఆడారు. నేను వాళ్లను తప్పుపట్టను. లోమన్, గన్ ఆడలేదు. మ్యాచ్ ఇంగ్లండ్ గెలిచింది. 111 పరుగులు కావాల్సిన ఆస్ట్రేలియాను 44కే కూల్చింది పీల్, జె.టి. హెర్న్. ఇద్దరూ పది పౌండ్ల మనుషులే.

ఇంగ్లండ్ టెస్టులను నడపడానికి 1898లో బోర్డు ఏర్పడ్డాక వృత్తి ఆటగాడి ఫీజు ఇరవై పౌండ్లకు పెరిగింది. 1899లో గన్ మళ్లీ ఇంగ్లండ్‌కు ఒక టెస్ట్ ఆడాడు. 18 టెస్టుల్లో 10.75 సగటుతో 112 వికెట్లు తీసిన లోమన్‌కు మాత్రం మళ్లీ పిలుపు రాలేదు. క్షయతో 1901 డిసెంబర్ 1న దక్షిణాఫ్రికాలోని మజీస్‌ఫాంటెయిన్‌లో పోయాడు. ముప్పై ఆరేళ్లు.