40 రోజుల ఉద్దెర

హన్మకొండలో మా బామ్మర్దికి చిన్న నెట్ సెంటర్ ఉంది. దరఖాస్తుల సీజన్ వచ్చిందంటే అక్కడ కుర్చీ దొరకదు. పిల్లలు తెచ్చే ఫొటో మూడు ఎంబీ ఉంటుంది, దరఖాస్తేమో 50 కేబీ దాటితే ఒప్పుకోదు. మావాడు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తెరిచి, రెండు నొక్కులు నొక్కి, 30 రూపాయలు తీసుకుంటాడు. అది తెరిచిన ప్రతిసారీ ముందుగా ఒక డబ్బా వస్తుంది: మీ ట్రయల్ గడువు ముగిసింది, దయచేసి కొనండి. గడువు ముగిసి ఆరేళ్లయింది.

"కొనరాదురా" అన్నాను ఒకసారి.

"రెండున్నర వేలు బావా! ఫొటో చిన్నగ చేసేదానికి రెండున్నర వేలా? దోపిడి గాదా?"

ఆ దోపిడీని కాగితం మీద లెక్కగట్టాను. 84 ఫొటోలకు తీరిపోతుంది. సీజన్‌లో రెండు రోజుల పని. అయినా నేను మా బామ్మర్ది పక్షమే. బంధుత్వం వల్ల కాదు, సిద్ధాంతం వల్ల.

మన దగ్గర ధర అంటే బేరం అయ్యాక మిగిలేది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో పొద్దున్నే జెండా పాట పాడతారు, అంటే ఆ రోజు పై రేటును వేలంలో తేలుస్తారు. ఆ రేటు మేలైన సరుకుకు. మిగతా బస్తాల దగ్గరికొచ్చేసరికి తేమ ఉందంటారు, తాలు కలిసిందంటారు, రంగు తగ్గిందంటారు. రైతు ఒక మాటంటే ఖరీదుదారు నాలుగంటాడు. రేటు అట్లా తెగుతుంది. సాఫ్ట్‌వేర్‌కు తెర మీద జెండా పాట ఒక్కటే ఉంది. "ఆఖరికి ఎంతకిస్తవ్?" అని ఎవరినడగాలి? పైగా కట్టడానికి ఇంటర్నేషనల్ కార్డు కావాలట. మావాడి దగ్గరున్నది ఫోన్‌పే. ఈ ఒక్క సాకులో మాత్రం కొంత నిజముంది. డాలర్లలో తేలికగా కనిపించే ధర రూపాయల్లోకి మారి హన్మకొండ చేరేసరికి బరువెక్కుతుంది.

అసలు అనుమానం అమ్మేవాడి తీరు మీద. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే ఆయన పీసీ-టాక్ అనే ప్రోగ్రాం రాసి, నలుగురికీ కాపీ చేసి ఇచ్చుకోండి, నచ్చితే 25 డాలర్లు పంపండి అన్నాడు. ఇట్లాంటి మాట మన దగ్గర గుడి ముందు హుండీ తప్ప ఎవరూ అనరు. ఫైళ్లను కుదించి మూటగట్టే విన్‌రార్ ఇంకా విచిత్రం. 40 రోజులు ఉచితం, తర్వాత 30 డాలర్ల దరిదాపు కట్టాలి. 41వ రోజు కూడా ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, కాకపోతే కొనమని బతిమాలుతుంది. ఫైళ్లు సర్దుకునే టోటల్ కమాండర్ తెరిస్తే 1, 2, 3 అంకెల్లో ఫలానాది నొక్కమంటుంది. ఎగ్గొట్టేవాడికి వేసిన శిక్ష అంతే, అంకె నొక్కడం.

మా వీధి కిరాణా ఆయన దగ్గర 40 రోజులు ఉద్దెర పెట్టి చూడండి. 41వ రోజు పొద్దున గేటు దగ్గర నిలబడి, "సార్ ఉన్నరా?" అని మెల్లగానే అడుగుతాడు. ఎదురింటి తలుపు, పక్కింటి కిటికీ తెరుచుకుంటాయి. సాయంత్రానికి బాకీ తీరుతుంది. సాఫ్ట్‌వేర్ డబ్బా మనల్ని అడిగేది మనకొక్కరికే కనిపించేలా. పరువు పోని బాకీని ఎవడు కడతాడు?

ఒక్కసారి మాత్రం పరువు పోయింది. మా పెద్దక్క కూతురు లగ్గం పత్రికను మా బామ్మర్ది ఉచితంగా చేసిచ్చాడు. పీడీఎఫ్ చేసే సాధనం మాత్రం గడువు తీరినది. కొన్ని కంపెనీలు డబ్బాతో ఊరుకోవు, పేజీకి అడ్డంగా ముద్ర కొడతాయి. ఎవరూ సరిచూడలేదు. 400 కార్డులు అచ్చయి వచ్చాక చూస్తే, వధూవరుల పేర్ల మీద ఏటవాలుగా లేతబూడిద రంగులో 'ట్రయల్ వెర్షన్'. పెళ్లికొడుకు మేనమామ ఫోన్ చేసి ఎన్నిరోజుల ట్రయల్ అని అడిగాడు. మా అక్క మూడు నెలలు మా బామ్మర్దితో మాట్లాడలేదు. మళ్లీ అచ్చు వేయించిన ఖర్చు ఆ సాధనం ధర కన్నా ఎక్కువ. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇంతలో 2023లో విండోస్ 11 రార్ ఫైళ్లను, అంటే విన్‌రార్ కట్టే మూటలను, తనంతట తానే తెరవడం మొదలుపెట్టింది. రైతుల సంగతేమో గానీ, ఈ జిల్లాలో ఏ షరతూ లేకుండా రుణమాఫీ జరిగింది మాకే. అదే పని చేసే సెవెన్-జిప్ 1999 నుంచి ఉచితంగా దొరుకుతుండగా ఇన్నేళ్లు ఎందుకు బాకీపడ్డామని అడక్కండి. ఉచితంగా ఇచ్చేదాన్ని ఎగ్గొట్టడంలో ఏం తృప్తి ఉంటుంది?

మొన్న సెంటర్‌కు పోతే ఓ కుర్రాడు "అన్నా, ఫొటోకు ఇరవై తీసుకో, చిల్లర లేదు" అంటున్నాడు. మావాడు తల ఎత్తకుండా గోడ మీది కాగితం చూపించాడు: 'ఉద్దెర అడుగరాదు'. అదే సమయంలో తెర మీద డబ్బా వచ్చింది. రెండో చేత్తో, ఈగను తోలినట్టు, దాన్ని మూసేశాడు.