సవరణ: చెంప ఎముక విరిగినప్పుడు స్పర్శ తగ్గేది ఏ నాడి వల్ల

చెంప ఎముక విరిగిన తర్వాత వచ్చే తిమ్మిరి గురించిన మునుపటి టపాలో, ఫేషియల్ నాడి దెబ్బతినడం వల్ల చెంప మొద్దుబారుతుందని, ఆ తిమ్మిరి శాశ్వతమని ఉన్న రెండు వాక్యాలకు బదులుగా ఈ వివరణను చదవవలసిందిగా మనవి.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే కపాల నాడుల్లో ఏడవదైన ఫేషియల్ నాడి ప్రధానంగా ముఖ కండరాలను కదిలిస్తుంది. ముఖ చర్మపు స్పర్శను మెదడుకు చేరవేసేది ఐదవదైన ట్రైజెమినల్ నాడి. దాని రెండవ శాఖకు చెందిన ఇన్‌ఫ్రాఆర్బిటల్ నాడి కంటిగుంట అడుగున ఉన్న సన్నని ఎముక కాలువ గుండా సాగి, కంటిగుంట కింది అంచుకు కాస్త దిగువన ఉన్న రంధ్రం నుంచి బయటికి వస్తుంది. చెంప ఎముక విరిగినప్పుడు పగులు తరచుగా ఈ దారి మీదుగానే పోతుంది కాబట్టి, నాడి నలిగి కింది రెప్ప, ముక్కు పక్క భాగం, పై పెదవి, ఒక్కోసారి అదే వైపు పై ముందు పళ్లు, చిగుళ్లు కూడా మొద్దుబారతాయి.

కన్ను పూర్తిగా మూయలేకపోవడం, నోరు ఒక పక్కకు లాగడం కనిపిస్తే ఫేషియల్ నాడిని విడిగా పరీక్షించాలి. చూపు మందగించినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాడి తెగకుండా నలిగిన సందర్భాల్లో చాలామందికి స్పర్శ వారాల నుంచి నెలల వ్యవధిలో తిరిగి వస్తుంది, మధ్యలో చిమచిమలాడవచ్చు. కొందరిలో కొంత తిమ్మిరి మిగిలిపోతుంది. శస్త్రచికిత్సకు ముందే స్పర్శ ఎంత ఉందో నమోదు చేయించుకోవడం ఎంతో అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ వివరం లేకపోతే తర్వాతి లోపం గాయం వల్ల వచ్చిందో ఆపరేషన్ వల్ల వచ్చిందో తేల్చడం కష్టం.